సీన్ ముగిశాక: ఆ పూట నుంచి మూడో రోజు దాకా ఆఫ్టర్‌కేర్ ఎలా చేయాలి

సీన్ అంతా అనుకున్నట్టే జరిగింది, ఇద్దరూ హాయిగా నిద్రపోయారు. తీరా రెండో రోజు సాయంత్రం కారణం లేకుండా ఏడుపు ముంచుకొస్తోంది. ఎందుకు? బీడీఎస్ఎంలోకి, అంటే కట్లు, ఆజ్ఞలు, నొప్పి లాంటివాటితో పెద్దవాళ్ళు ఇష్టపడి ఆడే ఆటల్లోకి, కొత్తగా వచ్చినవాళ్ళు పదే పదే అడిగేది ఇదే. అలాంటి ఆట ఒక విడతనే సీన్ అంటారు. దాని వెనకే ఇంకో ప్రశ్న వస్తుంది: సీన్ అవగానే పది నిమిషాలు హత్తుకుని పడుకున్నాం కదా, ఇంకా ఏం చేయాలి? మొదటిదానికి జవాబు ఈ రెండో ప్రశ్నలోనే ఉంది. ఆఫ్టర్‌కేర్ గురించి, అంటే ఆట అయ్యాక ఒకరినొకరు చూసుకోవడం గురించి, సీన్‌కి ముందే మాట్లాడుకోవాలి, సీన్ అయ్యాక కనీసం మూడు రోజులు దాన్ని పట్టించుకోవాలి. హత్తుకోవడం అందులో ఒక ముక్క, అదీ అవతలివాళ్ళకి ఇష్టమైతేనే.

18 ఏళ్ళు నిండినవాళ్ళు ఇష్టపూర్వకంగా ఆడే ఆట గురించే ఇక్కడ చెబుతున్నాం. ఇష్టం లేకుండా జరిగినదానికి ఆఫ్టర్‌కేర్ మందు కాదు. ఆ సంగతి కింద విడిగా ఉంది.

కారణం క్లుప్తంగా ఇదీ. గట్టి సీన్‌లో అడ్రినలిన్, ఎండార్ఫిన్ లాంటివి పెరుగుతాయి. నొప్పి తక్కువగా తెలుస్తుంది, మనసు తేలిపోతున్నట్టు ఉంటుంది. ఆట ఆగాక అవి దిగిపోతాయి. దానికి అలసట, నిద్రలేమి, ఖాళీ కడుపు తోడైతే వణుకు, దిగులు, చిరాకు వస్తాయి. దీన్నే డ్రాప్ అంటారు. సీన్‌లో లొంగి ఉండేవాళ్ళని సబ్ అని, ఆటని నడిపించేవాళ్ళని డామ్ అని అంటారు. సబ్‌కి వస్తే సబ్‌డ్రాప్, డామ్‌కి వస్తే డామ్‌డ్రాప్. కొందరికి అరగంటలో వస్తుంది, మరికొందరికి ఒకటి నుంచి మూడు రోజుల్లో వస్తుంది, కొందరికి అసలు రాదు. పోయినసారి రాలేదు కాబట్టి ఈసారీ రాదనుకోవడానికి లేదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

సీన్ మొదలవ్వకముందే ఇవన్నీ చేతికి అందేచోట ఉండాలి. పక్కగదిలో ఉంటే లేనట్టే, ఎందుకంటే మొదటి పావుగంట సబ్‌ని వదిలి లేవకూడదు.

- రెండు దుప్పట్లు, వదులైన బట్టలు, సాక్సులు
- ఇద్దరికీ సరిపడా మంచినీళ్ళు, మనిషికి అరలీటరుకు తగ్గకుండా
- త్వరగా శక్తినిచ్చే తీపి ఏదైనా: పళ్ళరసం, చాక్లెట్, బిస్కెట్లు
- తాళ్ళు వాడుతుంటే మొద్దు కొన ఉన్న సేఫ్టీ కత్తెర
- పలచటి గుడ్డలో చుట్టిన ఐస్ ప్యాక్
- సబ్బు, శుభ్రమైన గాజుగుడ్డ, ప్లాస్టర్లు
- పారాసెటమాల్
- సబ్‌ రోజూ వాడే మందులు. ఉబ్బసం ఉంటే ఇన్హేలర్, మధుమేహం ఉంటే గ్లూకోమీటర్ తప్పనిసరి
- ఛార్జింగ్ ఉన్న ఫోన్. మోగకుండా పెట్టండి, స్విచాఫ్ మాత్రం చేయొద్దు

మద్యం ఈ జాబితాలో లేదు. సీన్ అయ్యాక కాస్త తాగితే రిలాక్స్ అవుతామనేవాళ్ళుంటారు. మద్యం ఒంట్లో వేడిని తగ్గిస్తుంది, నిద్రను చెడగొడుతుంది, దెబ్బ తెలియకుండా చేస్తుంది. ఆ రాత్రికి మూడూ మనకు పనికిరానివే.

సీన్‌కి ముందే అడగాల్సిన ప్రశ్నలు

సీన్ అయ్యాక "నీకేం కావాలి?" అని అడిగితే చాలామంది సబ్‌లు జవాబు చెప్పే స్థితిలో ఉండరు, "ఏమీ వద్దు" అనేస్తారు. అందుకే ముందే అడిగి రాసుకోండి. ముట్టుకోవచ్చా? ముట్టుకుంటే ఎక్కడ, ఎక్కడ వద్దు? మాటలు కావాలా, మౌనమా? లైటు ఉండాలా, తీసేయాలా? ఒంటరిగా వదిలేయమంటే ఎంతసేపు, తలుపు తెరిచి ఉంచాలా? ఆ రాత్రి ఎవరెక్కడ పడుకుంటారు? మర్నాడు ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి, ఎన్నింటికి?

ఇవే ప్రశ్నలు డామ్‌ని కూడా అడగాలి. ఎక్కువమంది వదిలేసేది ఇక్కడే.

ఇద్దరి కోరికలూ కలవకపోతే, ఉదాహరణకు సబ్‌కి రాత్రంతా తోడు కావాలి, డామ్ మాత్రం గంటలో వెళ్ళిపోవాలి అనుకోండి, ఆ రోజు సీన్ తీవ్రత తగ్గించండి, లేదా వేరే రోజు పెట్టుకోండి. ఉన్న సమయంలో సగం ఆటకి, సగం ఆఫ్టర్‌కేర్‌కి అనుకుంటే దాదాపు సరిపోతుంది.

అంచెలవారీగా

1. సీన్ అయిపోయిందని నోటితో చెప్పండి. "అయిపోయింది. ఇక ఆట లేదు. నేనిక్కడే ఉన్నాను." ఇలా పొట్టిగా, మామూలు గొంతుతో చెప్పాలి. సీన్‌లో వాడిన పిలుపులు, ఆజ్ఞలు, తిట్లు అక్కడితో ఆపేసి అసలు పేరుతో పిలవండి. డామ్ ఇంకా ఆ పాత్రలోనే ఉండి మాట్లాడితే ఆట ముగిసిందో లేదో సబ్‌కి తెలియదు. సీన్‌లో అవమానించే మాటలు వాడి ఉంటే వాటిని ఇప్పుడే, పేరుపెట్టి వెనక్కి తీసుకోండి. "ఆ మాటలు ఆటవరకే, నీ గురించి నేను అలా అనుకోవడం లేదు" అని చెప్పండి. ఇది చెప్పకుండా వదిలేస్తే రెండో రోజు సబ్ మనసులో తిరిగేవి ఆ మాటలే.

2. కట్లు విప్పి పడుకోబెట్టండి. నిలబెట్టి కట్టి ఉంటే ముందు నడుముకి ఆసరా పట్టుకుని, ఆ తర్వాతే చేతులు విప్పండి. ఎక్కువసేపు పైకెత్తి ఉన్న చేతుల్ని ఒక్కసారిగా కిందికి లాగితే భుజం పట్టేస్తుంది, మెల్లగా దించండి. విప్పగానే లేచి నడవనివ్వకండి, రక్తపోటు పడిపోయి కళ్ళు తిరగవచ్చు. మొహం పాలిపోయి, చెమటలు పట్టి, వికారంగా ఉందంటే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళ కింద దిండ్లు పెట్టండి. స్పృహ తప్పి నిమిషంలో తేరుకోకపోతే అత్యవసర సేవలకు ఫోన్ చేయండి. ఊపిరి ఆడుతుంటే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ముడి రాకపోతే తాడు కోసేయండి. తాడు ఖరీదు గురించి ఆలోచించే సమయం కాదది.

3. ఒళ్ళంతా ఒకసారి చూడండి. నొప్పి ఇంకా సరిగా తెలియడం లేదు కాబట్టి సబ్ "బానే ఉంది" అన్నా మీరు చూడాల్సిందే.

   - *నరాలు.* తాళ్ళు, సంకెళ్ళు వాడితే నాలుగు పనులు చేయమనండి: మణికట్టు పైకెత్తడం, వేళ్ళు వెడల్పుగా చాపడం, బొటనవేలిని చిటికెనవేలికి తాకించడం, పాదం వేళ్ళను మోకాలి వైపు లాగడం. నాలుగూ రెండు వైపులా సమానంగా వస్తే మంచిది. తిమ్మిరి కొన్ని నిమిషాల్లో పోతే సమస్య లేదు. మణికట్టు వేలాడిపోతున్నా, పాదం పైకి లేవకపోయినా, చేతి వెనక బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చోటు మొద్దుబారి ఉన్నా అది నరం నలిగిన గుర్తు. గట్టిగా పిసికి బాగుచేద్దామని చూడకండి. అదే రోజు డాక్టర్‌కి చూపించండి.
   - *వాతలు, కమిలిన చోట్లు.* గుడ్డలో చుట్టిన ఐస్ 10 నుంచి 15 నిమిషాలు పెట్టి తీసేయండి, గంట ఆగి మళ్ళీ పెట్టవచ్చు. ఐస్ నేరుగా చర్మం మీద పెట్టొద్దు. వేడి కాపడం 48 గంటల తర్వాతే. సబ్ చలికి వణుకుతుంటే ముందు దుప్పటి కప్పండి, ఐస్ కాసేపు ఆగుతుంది.
   - *చర్మం తెగితే* పారే నీటితో, సబ్బుతో కడిగి గాజుగుడ్డ కట్టండి. టెటనస్ టీకా వేసుకుని పదేళ్ళు దాటి ఉంటే డాక్టర్‌ని అడగండి. గాయం లోతుగానో మురికిగానో ఉంటే అయిదేళ్ళు దాటినా అడగాలి.
   - *మైనం వల్ల కాలితే* 20 నిమిషాలు చల్లటి పారే నీళ్ళు. ఐస్ వద్దు, టూత్‌పేస్ట్ వద్దు, బొబ్బ చిదమొద్దు.
   - *నొప్పికి* పెద్దవాళ్ళు పారాసెటమాల్ 500 మి.గ్రా. నుంచి 1 గ్రాము వేసుకోవచ్చు. మోతాదుకీ మోతాదుకీ కనీసం నాలుగు గంటలు ఆగాలి, 24 గంటల్లో 4 గ్రాములు దాటకూడదు. కాలేయం జబ్బు ఉన్నవాళ్ళు, తాగే అలవాటున్నవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా వేసుకోవద్దు. ఆస్పిరిన్, ఇబుప్రోఫెన్ రక్తం గడ్డకట్టడాన్ని మందగింపజేస్తాయి, అందుకే తాజాగా కమిలిన మొదటి రోజు వాటికి దూరంగా ఉండటం మేలు.

4. వెచ్చదనం, నీళ్ళు, తీపి. ఈ వరసలోనే. దుప్పటి కప్పి, కాళ్ళకు సాక్సులు తొడిగి, నీళ్ళు గుక్కగుక్కగా తాగించండి. గటగటా తాగితే వాంతి అవుతుంది. వికారం లేకపోతే తీపి ఏదైనా కొంచెం ఇవ్వండి. మధుమేహం ఉన్నవాళ్ళకు ముందు చక్కెర చూసి ఇవ్వండి. డెసీలీటరుకి 70 మి.గ్రా. కంటే తక్కువుంటే వెంటనే తీపి ఇచ్చి 15 నిమిషాల తర్వాత మళ్ళీ చూడాలి. మీటరు మీద ప్రమాణం ఏముందో ముందే చూసుకోండి. వణుకు పావుగంటలో తగ్గుముఖం పట్టాలి.

5. పక్కన ఉండండి. ముందే ఒప్పుకున్న పద్ధతిలోనే ఉండండి, మీకు తోచినట్టు కాదు. తక్కువలో తక్కువ అరగంట, గట్టి సీన్ అయితే గంటా గంటన్నర. ఏడిస్తే ఏడవనివ్వండి, ఏడుపు అంటే ఏదో తప్పు జరిగిందని కాదు. "ఎందుకు ఏడుస్తున్నావు?" అనే ప్రశ్న వద్దు, జవాబు వాళ్ళ దగ్గరా ఉండదు. "నీళ్ళు కావాలా?" లాంటి అవును-కాదు ప్రశ్నలు చాలు. ఈ గంటలో చేయకూడనివి మూడు: సీన్ ఎలా ఉందో మార్కులడగడం, మళ్ళీ ఆట మొదలుపెట్టడం, కొత్త విషయాలకు ఒప్పించడం. మత్తులాంటి ఆ స్థితిలో సబ్ దేనికైనా సరేనంటారు. ఆ "సరే"ని అంగీకారంగా లెక్కపెట్టడానికి వీల్లేదు. ఫోటోల సంగతీ అంతే, ముందే ఒప్పుకుని ఉండకపోతే వాతల ఫోటో కూడా తీయొద్దు.

6. డామ్ వంతు. సబ్ కుదుటపడ్డాక డామ్ కూడా నీళ్ళు తాగాలి, ఏదైనా తినాలి, కూర్చోవాలి. గంటసేపు ఇంకొకరి ప్రాణం గురించి అప్రమత్తంగా ఉన్న మనిషి కూడా అలిసిపోతారు. వాళ్ళ డ్రాప్ చాలాసార్లు తప్పు చేశాననే భావంగా బయటపడుతుంది. "ఇష్టపడే మనిషిని కొట్టాను, నేనెలాంటివాణ్ణి?", "నేనెలాంటిదాన్ని?" అని లోపల తొలుస్తుంది. దీనికి బాగా పనిచేసేది సబ్ నోటి నుంచి వచ్చే ఒక స్పష్టమైన మాట: "నేను కోరుకున్నదే చేశావు, నేను బాగున్నాను." సబ్ తేరుకున్నాక చెప్పాలి, తేరుకోకముందే చెప్పమని అడగకూడదు.

7. విడిపోయే ముందు పరీక్ష. ఈరోజు ఏ వారం, ఇప్పుడు ఎన్ని గంటలై ఉంటుంది, ఇంటికెలా వెళ్తావు, ఈ మూడూ అడగండి. తడబాటు లేకుండా చెప్పాలి. లేచి పదడుగులు తిన్నగా నడవాలి. మూత్రానికి వెళ్ళి రావాలి. మాట ముద్దగా వస్తున్నా, నవ్వు ఆగకపోయినా, చూపు నిలవకపోయినా ఇంకా దిగలేదని అర్థం. అలాంటప్పుడు బండి నడపనివ్వకండి. ఎవరైనా దింపాలి, లేదా అక్కడే పడుకోవాలి. ఇల్లు చేరాక మెసేజ్ పెట్టడం ఇద్దరికీ నియమమే.

8. మూడు రోజుల పలకరింపు. ఆ రాత్రి పడుకునే ముందు ఒకసారి, మర్నాడు పొద్దున ఒకసారి, రెండో రోజు సాయంత్రం ఒకసారి, మూడో రోజు ఒకసారి. ఫోన్ చేసే బాధ్యత డామ్‌ది అనుకుంటే మంచిది, ఎందుకంటే డ్రాప్‌లో ఉన్న సబ్ "నేను ఫోన్ చేస్తే విసుక్కుంటారేమో" అనుకుని ఆగిపోతారు. అయితే డామ్ కూడా డ్రాప్‌లో ఉండవచ్చు, అందుకని అనుకున్న సమయానికి ఫోన్ రాకపోతే సబ్ చేయడం తప్పేం కాదు.

   "ఎలా ఉన్నావు?" అంటే "బానే" అని వస్తుంది. దానికి బదులు నాలుగు అడగండి: రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావు? ఏం తిన్నావు? నొప్పి ఎక్కడ ఉంది, నిన్నటికంటే ఎక్కువా తక్కువా? మనసుకి పదికి ఎన్ని? నాలుగో జవాబు రోజూ రాసిపెట్టుకోండి. మామూలు రోజుల్లో 7 ఉండే మనిషి రెండో రోజు 4కి పడి, మూడో రోజు 5, నాలుగో రోజు 6 అన్నారంటే డ్రాప్ దానంతటదే తగ్గుతోంది. నాలుగో రోజుకీ పడిపోతూనే ఉంటే అది ఒట్టి డ్రాప్ కాకపోవచ్చు.

   డ్రాప్ వచ్చిన రోజు చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు: వేళకు తిండి, ఎండలో కాసేపు నడక, గోరువెచ్చటి నీళ్ళ స్నానం, తొందరగా పడక. పెద్ద నిర్ణయాలు వాయిదా వేయండి. ఈ బంధం తెంచుకుందామా, ఇక ఈ ఆటలన్నీ మానేద్దామా అనే ఆలోచనలు రెండో రోజు బలంగా వస్తాయి. అవి నిజమైనవైతే వారం తర్వాత కూడా ఉంటాయి, అప్పుడు తేల్చుకోవచ్చు. ముఖ్యమైన పరీక్షో, ఆఫీసులో పెద్ద మీటింగో ఉన్న వారంలో గట్టి సీన్ పెట్టుకోకపోవడం ఇందుకే.

9. సీన్ గురించి మాట్లాడుకోవడం. 48 గంటలు దాటాక, ఇద్దరూ బట్టలేసుకుని, ఎదురెదురుగా కూర్చుని, అరగంట. ఏది నచ్చింది, ఏది అనుకున్నదానికంటే ఎక్కువైంది, ఏ క్షణంలో సేఫ్ వర్డ్ (ఆట ఆపమని చెప్పడానికి ముందే అనుకున్న మాట) అనాలనిపించి అనలేదు? ఈ చివరి ప్రశ్నే అసలైనది. జవాబు వస్తే సమర్థించుకోకుండా వినండి. ఆఫ్టర్‌కేర్‌లో ఏం పనికొచ్చింది, ఏం విసుగనిపించింది అనేది కూడా అడిగి, ముందు రాసుకున్న కాగితాన్ని దిద్దండి.

మామూలుగా కుదరనప్పుడు

*సేఫ్ వర్డ్‌తో మధ్యలో ఆగిన సీన్.* దీనికే ఎక్కువ ఆఫ్టర్‌కేర్ కావాలి, జనం మాత్రం దీనికే తక్కువ చేస్తారు. ఒకటో అంచె నుంచి అన్నీ చేయండి. "ఆపినందుకు మంచిదైంది" అని ఒక్కసారి చెప్పి వదిలేయండి. కారణం ఆ రాత్రి అడగకండి. డామ్ మొహం ముడుచుకుంటే, తర్వాతిసారి సబ్ ఆ మాట అనడానికి వెనకాడతారు. ప్రమాదం అక్కడ మొదలవుతుంది.

*దూరంగా ఉండి ఫోన్‌లో, వీడియోలో ఆడినప్పుడు.* కాల్ కట్ చేసి వెళ్ళిపోవద్దు. దుప్పటి, నీళ్ళు, తీపి సబ్ పక్కనే ఉన్నాయో లేదో సీన్‌కి ముందే చూపించమనండి. ఆట అయ్యాక ఇంకో అరగంట లైన్‌లో ఉండండి. నెట్ పోతే ఏ నంబరుకి చేయాలో ముందే అనుకోండి. ఇలాంటి సీన్లలో కట్లు వద్దు, విప్పేవాళ్ళు పక్కన లేరు.

*ఒంటరిగా ఆడేవాళ్ళు* అలారం పెట్టుకోండి, అరగంటకి నీళ్ళు, గంటకి తిండి. మర్నాటి మీకు మీరే ఒక చీటీ రాసి పెట్టుకోండి: నిన్న ఏం చేశాను, ఇష్టపడే చేశాను, ఈ దిగులు రెండు రోజుల్లో తగ్గుతుంది అని.

*ఆఫ్టర్‌కేర్ వద్దనేవాళ్ళు ఉంటారు.* ముట్టుకోవద్దు, మాట్లాడొద్దు, ఒక్కణ్ణే వదిలెయ్ అంటారు. అది వాళ్ళ పద్ధతి, నొచ్చుకోకండి. కానీ రెండు, మూడు, ఏడు అంచెలు ఎవరికీ మినహాయింపు కావు. అవి భద్రతకి సంబంధించినవి.

ఆఫ్టర్‌కేర్‌తో కప్పిపుచ్చకూడనిది

సేఫ్ వర్డ్ విని కూడా ఆపకపోయినా, ఒప్పుకోనిది చేసినా అది హద్దు దాటడం. ఆ తర్వాత ఎంత ప్రేమగా దుప్పటి కప్పినా అది మారదు. సబ్‌గా ఉన్నవాళ్ళు "తర్వాత అంత బాగా చూసుకున్నారు కదా" అని తమకి తాము సర్దిచెప్పుకోవడం చాలా మామూలు. పొరపాటున జరిగిందా, తెలిసి జరిగిందా అనేది తేల్చుకోవడానికి ఒక గుర్తు: పొరపాటైతే అవతలివాళ్ళు మీరు అడగకముందే ఒప్పుకుంటారు, మీ మీదికి నెట్టరు. అవతలి మనిషంటే భయం వేస్తుంటే వాళ్ళ చేత ఆఫ్టర్‌కేర్ చేయించుకోవద్దు. నమ్మకమైన స్నేహితుల దగ్గరికి వెళ్ళండి.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు

వెంటనే వెళ్ళాల్సినవి: మెడ మీద ఒత్తిడి పడ్డాక గొంతు బొంగురుపోవడం, మింగలేకపోవడం, తలనొప్పి, చూపు మసకబారడం, ఒక పక్క బలహీనపడటం. ఇవి గంటల తర్వాత, ఒక్కోసారి రోజుల తర్వాత కూడా బయటపడతాయి, మెడ మీద మచ్చ ఏమీ లేకపోయినా సరే. నడుముకి పైన వెనకవైపు దెబ్బ తగిలాక మూత్రంలో రక్తం. విపరీతంగా కమిలిన తర్వాత మూత్రం ముదురు గోధుమరంగులో రావడం, కండరాలు బిగుసుకుపోవడం. తలకి దెబ్బ తగిలాక వాంతులు, మత్తు. ఊపిరాడకపోవడం, ఛాతీ నొప్పి.

ఒకటి రెండు రోజుల్లో చూపించాల్సినవి: చుట్టూ ఎర్రబడి వేడెక్కుతున్న గాయం, చీము, జ్వరం, ఎంతకీ తగ్గని తిమ్మిరి.

మనసు విషయంలో, దిగులు రెండు వారాలు దాటినా, నిద్రా తిండీ రెండూ పోయినా మానసిక వైద్యుల్ని కలవండి. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే రెండు వారాలు ఆగొద్దు, ఆ గంటే ఎవరికైనా చెప్పి సాయం తీసుకోండి, ఒంటరిగా ఉండొద్దు. ఈ ఆటలు ఆడటమే జబ్బని అంటారేమోనని చాలామంది వెళ్ళరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితా ఐసీడీ-11, 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. పరస్పర అంగీకారంతో సాగే సాడోమాసోకిజాన్ని (నొప్పి పెట్టడంలోనో, పడటంలోనో ఆనందం పొందడాన్ని) అది జబ్బుల్లో చేర్చలేదు. మీరు కలిసినవాళ్ళు మీ దిగులు సంగతి వదిలేసి మీ ఇష్టాల్నే మాన్పించాలని చూస్తుంటే వేరేవాళ్ళని వెతుక్కోవచ్చు.

గాయం చూపించేటప్పుడు మెట్ల మీంచి పడ్డానని అబద్ధం చెప్పకండి. దేనితో తగిలింది, ఎక్కడ, ఎంతసేపు, ఎన్ని గంటల క్రితం, ఆ తర్వాత ఏ మందు వేసుకున్నారు అనేవి డాక్టర్‌కి కావాలి. "ఇది నా ఇష్టంతో జరిగింది" అని మొదటి వాక్యంలోనే చెబితే మిగతా మాటలు తేలికవుతాయి. తోడు వచ్చినవాళ్ళని కాసేపు బయట ఉండమని, మిమ్మల్ని విడిగా అడగవచ్చు. అది గృహహింస లేదని తేల్చుకోవడానికి వాళ్ళు చేయాల్సిన పని, అడిగినవాటికి నిదానంగా జవాబు చెప్పండి.